నిలబడే కాలు

ఈ ఉదయం వెనక వీధిలో ఎవరింటికో పైకప్పు మారుస్తున్నారు. మేకులు దిగుతున్న చప్పుడు, టక్, టక్, టకటకటక్, వంటింటి కిటికీలోంచి వచ్చింది. కాఫీ తాగుతున్నవాణ్ణి ఆగిపోయాను. చూస్తే బల్ల కింద నా మడమ దానంతటదే ఆడుతోంది. "ఏమిటండీ ఆ కాలు?" అంది మా ఆవిడ. ఏమీ లేదన్నాను. అలాంటి చప్పుడు ఎక్కడ విన్నా నాకు ఇసబెల్ గారు గుర్తొస్తారు.

శాన్ రామన్‌లో మా పక్కిల్లు ఆవిడది. స్పెయిన్ నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. డెబ్బై దాటినా నడుము వంగలేదు, నోరూ తగ్గలేదు. అందరూ గరాజ్‌లో కారు పెట్టుకుంటే, ఆవిడ కారును వీధిలో వదిలేసి, గరాజ్ నిండా చెక్కలు పరిచి ఫ్లమెంకో నేర్పేవారు. అది వాళ్ళ దేశపు నాట్యం. మనం కాలికి గజ్జెలు కడతాం. వాళ్ళు బూటు ముందు భాగానికీ మడమకీ మేకులు కొట్టించుకుని, పాదంతోనే తాళం వేస్తారు.

నేను గుంటూరు జిల్లాలో ఒక బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా రిటైరై మా అబ్బాయి దగ్గరికి వచ్చినవాణ్ణి. నాట్యానికీ నాకూ ఆమడ దూరం. ఒక ఏడాది ఇక్కడి బాత్రూములో జారిపడ్డాను. ఎముకలు దక్కాయి గానీ ధైర్యం పోయింది. అప్పటినుంచి నేల చూపులు చూస్తూ, హవాయి చెప్పులు ఈడుస్తూ, గోడలు పట్టుకుని నడిచేవాణ్ణి. సాయంత్రాలు పెద్ద రోడ్డు దాటి లైబ్రరీకి ఒక్కణ్ణే వెళ్ళిరావడం ఈ దేశంలో నాకున్న ఏకైక స్వరాజ్యం. అదీ పోయింది. "నాన్నా, ఒంటరిగా బయటికి వెళ్ళకండి. ఎక్కడికైనా నేను డ్రాప్ చేస్తా కదా. వాకర్ కూడా ఆర్డర్ చేశాను," అన్నాడు మా అబ్బాయి కిరణ్. ప్రేమతోనే అన్నాడు. అయినా నాకు ఒళ్ళు మండింది. ఏ బస్సు రోడ్డెక్కాలో, ఏది ఎక్కకూడదో జీవితమంతా చెప్పినవాణ్ణి. చివరికి నన్నే షెడ్డులో పెట్టేశారు.

ఒకరోజు ఇంటి ముందే అటూ ఇటూ తిరుగుతుంటే ఇసబెల్ గారు గరాజ్‌లోంచి బయటికి వచ్చారు. పలకరింపూ లేదు, పాడూ లేదు.

"మిస్టర్ రావు, మీ ఎడమ కాలికి భయం," అన్నారు.

"ఈడుస్తున్నది కుడి కాలు కదండీ?"

"అదే చెబుతున్నాను. రోజూ లోపల్నించి వింటున్నా. ఎడమ కాలి మీద నిలబడటానికి మీకు నమ్మకం లేదు. అందుకే కుడిది పైకి లేవదు. ఈడ్చే కాలిది తప్పు కాదు."

జాకీ గట్టిగా నిలబడితేనే కదా చక్రం ఊడదీసేది! ఇంతకాలం చక్రాన్ని తిడుతూ కూర్చున్నాను. మర్నాటి నుంచే ఆవిడ గరాజ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను.

ఆవిడ ఇంగ్లీషుది స్పానిష్ యాస, నాది గుంటూరు యాస. ఒకరి ఇంగ్లీషుకు ఒకరు జడవక్కర్లేదు కాబట్టి మాకు బాగా కుదిరింది. మొదటిరోజే నా హవాయి చెప్పులు గుమ్మం బయట పెట్టించారు. అవి జారిపోకుండా వేళ్ళు బిగించి పట్టుకుంటున్నానట, పాదమంతా కొయ్యబారిపోయిందట. కిరణ్ పాత బూట్లు వేసుకుని, కుర్చీ వీపు పట్టుకుని చెక్కల మీద నిలబడ్డాను. శక్తికొద్దీ నేలను తన్నాను.

"కొట్టకండి!" అని అరిచారు. "మోకాలి దగ్గర మడిచి పాదాన్ని వెనక్కి లేపండి. తర్వాత వదిలేయండి. పడటం దానికి తెలుసు. నిలబడ్డ మోకాలు మాత్రం బిగించొద్దు. బిగిస్తే దెబ్బ నేరుగా నడుముకు పోతుంది."

ఇది నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. అడుగున స్ప్రింగు కమాన్లు పోయిన బస్సు గతుకులో పడితే వెనక సీటువాడి గతేమవుతుందో నేనెరుగుదును. తర్వాత మునివేళ్ళు నేలకు ఆనించి మడమ ఒక్కటే లేపి దించడం నేర్పారు. చూడటానికి అదేమంత పని అనిపిస్తుంది. మర్నాటికి పిక్కలు పట్టేశాయి. "ఈ వయసులో ఈ చిందులేమిటండీ! తాళం వెయ్యడానికి ఆవిడా, నూనె రాయడానికి నేనూనా?" అంటూనే మా ఆవిడ కొబ్బరినూనె వెచ్చబెట్టింది.

వేసవి పోయాక ఒక సాయంత్రం ఇసబెల్ గారు నన్ను పెద్ద రోడ్డు దగ్గరికి తీసుకెళ్ళారు. తాను ముందు దాటేసి, అవతల నిలబడి రమ్మన్నారు. దాటమనే దీపం పడింది, బయల్దేరాను. సగం దూరం పోయేసరికి సిగ్నల్‌లో అంకెలు తగ్గడం మొదలైంది. మలుపు తిరగాల్సిన కారొకటి హారన్ కొట్టింది. అంతే, కుడి పాదం నేలకు అతుక్కుపోయింది. చెయ్యి ఇస్తారేమోనని ఆవిడ వైపు చూశాను. ఆవిడ కదల్లేదు. అక్కణ్ణించే చప్పట్లతో తాళం వేయడం మొదలుపెట్టారు. వేరే దారి లేక ఎడమ కాలి మీద నిలబడ్డాను. ఒంటి బరువంతా దాని మీద వేసి, నిజంగా నిలబడ్డాను. రెండో పాదం తేలిగ్గా లేచింది.

గట్టెక్కగానే నాకు కోపం ముంచుకొచ్చింది. "చెయ్యి ఇస్తే మీ సొమ్మేం పోయింది?" అని కేకలేశాను. ఆవిడ అప్పుడు తన చెయ్యి నా చేతిలో పెట్టారు. మంచులా చల్లబడిపోయి ఉంది. "రోడ్డులోకి దిగబోయి ఆగాను, మిస్టర్ రావు. నా చేత ఇంకోసారి ఈ పని చేయించకండి," అన్నారు. పడిపోతానేమోనని నాకంటే ఎక్కువ భయపడి కూడా, ఆవిడ నన్ను నడవనిచ్చారు. ఆ రుణం తీరేది కాదు.

వాకర్ వచ్చిన డబ్బాలోనే తిరిగి వెళ్ళిపోయింది. కిరణ్ కొన్నాళ్ళపాటు నా వెనకాల కారు నెమ్మదిగా పోనిస్తూ లైబ్రరీ దాకా వచ్చేవాడు. నేనూ చూడనట్టే నడిచేవాణ్ణి. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు, బస్సెక్కేటప్పుడు, ముందు నిలబడే కాలిని లోలోపల ఒకసారి పలకరిస్తాను. అది ఉన్నానంటేనే రెండోదాన్ని కదుపుతాను.

పోయిన చలికాలం ఇసబెల్ గారు నిద్రలోనే పోయారు. లైబ్రరీ పక్క హాల్లో సంతాపసభ పెట్టారు. "కారు తీస్తాను నాన్నా, వాన పడేలా ఉంది," అన్నాడు కిరణ్. నువ్వూ మీ అమ్మా కార్లో రండి, నేను నడిచి వస్తానన్నాను. పెద్ద రోడ్డు దగ్గర దీపం పడింది. అవతల ఎవరూ లేరు. ఎడమ కాలి మీద బరువు వేసి, కుడి పాదం లేపాను. రోడ్డు దాటాకే ఏడ్చాను.