సముద్రపు మట్టికి అవ్వ పెట్టిన పరీక్ష

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. డైరీలో కూడా రాసి కొట్టేశాను. భూగర్భశాస్త్రం పీజీ చదివే ఆ రోజుల్లో నా ప్రాజెక్టులోని సముద్రపు మట్టిని మొదట గుర్తుపట్టింది ఎక్స్‌రే యంత్రం కాదు, గద్వాల దగ్గర పల్లెలో ఉండే మా అవ్వ. సముద్రాన్ని పుస్తకాల్లో తప్ప చూడకుండానే (ఇప్పటికీ చూడలేదు, అది వేరే సంగతి) దాని అడుగున ఏ మట్టి ఎక్కడ పేరుకుందో తేల్చడానికి బయలుదేరిన ధైర్యవంతురాలిని నేను.

సారు రెండు పొట్లాలిచ్చారు. రెండూ బంగాళాఖాతం అడుగు మట్టే. ఒకటి కృష్ణానది సముద్రంలో కలిసేచోట తీసింది, ఇంకొకటి బాగా ఉత్తరాన, గంగ వైపుది. ఏ నది ఎలాంటి బంకమట్టిని మోసుకొచ్చి పరిచిందో చూసి పటం గీయాలి. ఊరికొస్తుంటే బస్సులో నీళ్ల సీసా కారి, పొట్లాల మీది పేర్లు శుభ్రంగా కొట్టుకుపోయాయి. సోమవారం పేర్లు రాసి ఎక్స్‌రే పరీక్షకు ఇవ్వాలి. తారుమారైతే నా పటమంతా తలకిందులే. రెండింటిలోనూ సగం సారు దగ్గరుంది. జరిగింది చెప్పేస్తే పోల్చి చూసేవారు. (సారుకు ఫోన్ చేసి చెప్పేంత ధైర్యం మాత్రం ఈ ధైర్యవంతురాలికి లేదు.)

పొట్లాలు ముందేసుకుని అరుగు మీద కూర్చున్న నన్ను, పత్తిచేను నుంచి వచ్చిన అవ్వ చూసింది.

"ఏందే గది?"

"సముద్రం మట్టి అవ్వా. ఏది ఏ నదిదో తెలుస్తలేదు."

"మన చేన్ల మన్ను కరువైందా? బస్సుల వెట్టుకొని తెచ్చినవ్!"

చిటికెడు తీసి పంటి కింద నలిపింది (విత్తే ముందు మన్ను అలాగే చూస్తుంది). "థూ! ఉప్పెందుకు గలిపినవే?"

తర్వాత రెండింట్లోంచి కొంచెం కొంచెం తీసి, నీళ్లతో పిసికి, చెక్క మీద బిళ్లలుగా తట్టి ఎండలో పెట్టింది. పక్కింటి అత్త తొంగిచూసింది.

"ఏం వడియాలు పెద్దమ్మా, గింత నల్లగున్నయ్?"

"సముద్రం వడియాలు. తింటవా?"

సాయంత్రానికి ఒక బిళ్ల ముడుచుకుని నెర్రెలు బాసింది. రెండోది కదలక మెదలక కూర్చుంది. అవ్వ మొదటిదాన్ని వేలితో పొడిచింది. "గిది మన నల్లరేగడే. తడిస్తే ఉబ్బుతది, ఎండితే నోరు దెరుస్తది. వాననీళ్లు కృష్ణలకు వోతయ్ గద, మన్ను పోదా?"

ఆ ఉబ్బే గుణం గురించే నా పుస్తకంలో పేజీలకు పేజీలున్నాయి. ఆ బంకమట్టికి స్మెక్టైట్ అని పేరు కూడా పెట్టి ఉంది. చదివాను, గీతలు గీశాను, పరీక్షలో రాశాను. ఒక్కసారైనా తడిపి చూడాలని మాత్రం తోచలేదు.

అవ్వ చెప్పినట్టే పేర్లు రాసిచ్చేశాను. ఫలితాలొచ్చిన రోజు సారు తన సగంతో పోల్చి చూశారు. రెండూ సరిపోయాయి. "జాగ్రత్తగా చేశావమ్మా" అన్నారు. నేను నేలవైపు చూస్తూ తలూపాను. ఆ తలూపిన పిల్ల గుర్తొస్తే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది.

ఊరికెళ్లి, యంత్రం కూడా నువ్వు చెప్పిందే చెప్పిందని అవ్వకు చెప్పాను.

"ఎంతుంటదే గా మిషను?"

"బీరువా అంత."

"నేను జెప్పింది నిజమో కాదో చూడనీకె బీరువ అంత మిషను వెట్టిండ్రా?"