శుక్రవారం ఆరో పీరియడ్

మా మనవరాలి కొత్త టైంటేబుల్‌ని మా అమ్మాయి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. రిటైరైన లెక్కల మాస్టారిని కదా, మంచినీళ్ల కోసం వెళ్లినవాణ్ణి దాన్ని పైనుంచి కిందిదాకా చదివేశాను. శుక్రవారం ఆరో పీరియడ్ డ్రాయింగ్. ఏం బొమ్మలు వేస్తున్నావే అంటే, "అది ఊరికే రాస్తారు తాతయ్యా. ఆ పీరియడ్ మ్యాథ్స్ మేడమ్ తీసుకుంటారు" అంది. నీళ్లు తాగకుండానే వచ్చి కూర్చున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న ఒక ప్రైవేటు బడిలో నేనూ అదే పని చేశాను. గుంటూరు నుంచి వచ్చినవాణ్ణి, సిలబస్ అంటే ప్రాణం. మా డ్రాయింగ్ సార్‌ది నల్గొండ వైపు పల్లె. శుక్రవారం మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో ఆయన ముందు నిలబడి పళ్లికిలించేవాణ్ణి. "తీస్కోండి సార్, బొమ్మలకు పరీక్ష ఉంటదా ఏంది" అని సుద్దముక్కల డబ్బా ఆయనే అందించేవాడు. నేను క్లాసుకు పోగానే, మిగిలిన సుద్దముక్కల్ని బ్లేడుతో చిన్న చిన్న పిట్టలుగా చెక్కుకుంటూ కూర్చునేవాడు. అంత చెయ్యి తిరిగిన మనిషి ఏడాదిలో ఆ పిల్లలకు చెప్పిన క్లాసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తనిఖీ వస్తోందంటే మా బడికొక ఆచారం ఉండేది. డ్రాయింగ్ సార్ రెండు రోజులు కూర్చుని నలభై నోటుపుస్తకాల్లో తనే బొమ్మలు వేసేవాడు, పిల్లలు వేసినట్టుండాలని కాస్త వంకరగా. ఎవరడిగినా శుక్రవారం డ్రాయింగ్ సారే వస్తారని చెప్పాలంటూ, ఎక్కాలు చెప్పించినట్టు పిల్లలచేత నేను వల్లె వేయించేవాణ్ణి.

ఒక ఏడాది తనిఖీకి వచ్చిన అధికారి పుస్తకాలు పక్కన పెట్టేశాడు. ఏడో తరగతిలో ముందు బెంచీ అమ్మాయిని లేపి, బోర్డు మీద ఒక మామిడికాయ వెయ్యమన్నాడు. ఆ పిల్ల సుద్ద పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత శ్రద్ధగా ఒక త్రిభుజం గీసి, మూలల్లో ఏ, బీ, సీ అని రాసింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వబోయి ఆగిపోయాను.

"శుక్రవారం మీకు ఎవరొస్తారమ్మా?" అని అడిగాడాయన.

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"డ్రాయింగ్ సారే సార్."

డ్రాయింగ్ సార్ తలుపు దగ్గరే ఉన్నాడు. నిజం చెప్పడానికి నాకు ఒక్క మాట చాలు. ఉద్యోగం గుర్తొచ్చి కిటికీ వైపే చూస్తూ నిలబడ్డాను. "నేనే సరిగ చెప్పలే సార్, తప్పు నాదే" అన్నాడాయన, నాకేసి చూడకుండా.

సాయంత్రం బెల్లు కొట్టాక ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "సార్, మీరు చెప్పమన్నట్టే చెప్పిన గదా?" అంది.

"కరెక్టుగా చెప్పావమ్మా" అన్నాను.

నెలాఖరుకి డ్రాయింగ్ సార్‌ని తీసేశారు. డ్రాయరులో ఆయన పిట్టలు డజను దాకా మిగిలాయి. సుద్ద అయిపోయినప్పుడల్లా ఒక్కోదాన్నీ బోర్డు మీద నేనే అరగదీశాను. సిగ్గుపడుతూనే అరగదీశాను.

ఆ పిల్లకిప్పుడు ముప్పై దాటి ఉంటాయి. నేర్పిన సూత్రాలు ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది. నాకు మాత్రం శుక్రవారం మధ్యాహ్నమైతే ఆ ప్రశ్న మళ్లీ వినిపిస్తుంది, నా జవాబూ వినిపిస్తుంది. దిద్దుకోవాలనే ఉంది. కానీ బెల్లు కొట్టాక దిద్దుకోనివ్వరని పరీక్ష హాల్లో అన్నేళ్లు పిల్లలకు చెప్పినవాణ్ణి నేనే.