తలుపుకు లోపలి వైపు

నాకు కోపం ఎక్కువ. మా వాడకట్టులో ఎవరినడిగినా ఇదే చెబుతారు. కట్టెపని చేసే ఆడదానికి ఆ మాత్రం కోపం లేకపోతే చేతిలో సుత్తి కూడా నిలవనివ్వరు.

బాపుకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయాక, ఖిలా వరంగల్ దారిలోని మా కార్ఖానా తాళంచెవి నా దగ్గరికి వచ్చింది. చిన్నప్పటి నుంచీ బాపు పక్కన నిలబడి పని నేర్చుకున్నదాన్ని. అయినా బాపు వాళ్ల అన్న, పెద్దబాపుకు నా మీద నమ్మకం లేదు. ఆ షెడ్డు అన్నదమ్ములిద్దరిదీ.

"సెల్‌ఫోన్ల దుకాణపాయన అడుగుతాండు, కిరాయికిద్దాం. ఆడపిల్లవు, నీకెందుకు బిడ్డా ఈ లొల్లి?" అన్నాడు.

ఇవ్వనన్నాను. ఇంట్లో వారం రోజులు రచ్చ. చివరికి పండుగలోపు మా చర్చికి చేసివ్వాల్సిన అల్మారా దగ్గర రాజీ కుదిరింది. అది చక్కగా చేసిస్తే కార్ఖానా నేనే నడుపుకోవచ్చు. పేరు చెడితే తాళంచెవి ఆయన చేతిలో పెట్టాలి.

ప్రభు భోజనపు గిన్నెలూ పాటల పుస్తకాలూ పెట్టుకునే అల్మారా అది. ప్లైవుడ్ తలుపులు, వాటి మీద టేకు వెనీర్. వెనీర్ అంటే కాగితమంత పల్చటి చెక్కపొర. జిగురు రాసి అతికించాక అది ఎండుతూ ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ తలుపును తన వైపు లాగుతుంది. అందుకే రెండు వైపులా ఒకేసారి అతికించి బరువు పెట్టాలి. బాపు ఎప్పుడూ అనేవాడు: "కావడికి ఒక్క దిక్కే కుండ కడ్తె ఎట్ల నడుస్తవ్ బిడ్డా?"

పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి సంఘ పెద్ద వచ్చాడు. "లోపటి దిక్కు ఎవరు చూస్తరమ్మా? తెల్ల పెయింటు ఏస్తె అయిపోతది గద" అన్నాడు.

"పైన పటారం లోన లొటారం నాతోని కాదు తాతా. మనం మొక్కేటాయన గూడ కట్టెపని ఇంట్ల పెరిగినోడే. ఆయన చూస్తడు" అన్నాను. తాత నవ్వేసి వెళ్లిపోయాడు. అక్కడే ఉన్న పెద్దబాపు మాత్రం ఆయన మాటే చెవిన వేసుకున్నాడు.

మర్నాడు నేను బాపును దవాఖానకు తీసుకుపోయి వచ్చేసరికి తలుపులు తయారై ఉన్నాయి. బయటి వైపు టేకు, లోపలి వైపు తెల్లరంగు. లోపలికని నేను కోసిపెట్టుకున్న వెనీర్ షీట్లు మూలన పడి ఉన్నాయి.

"పండుగకు అందాలె గద, జర జల్ది అయితదని నేనే ఏసిన" అన్నాడు పెద్దబాపు. గట్టి చెక్క పని మాత్రమే చేసిన కాలం ఆయనది, వెనీర్ సంగతి తెలియదు; సాయం చేశానని ఆయన సంబరం. మళ్లీ చేస్తానంటే వినలేదు. జిగురు ఆరగానే, నేను ఇంట్లో బాపుకు అన్నం పెట్టి వచ్చేలోగా వాటిని తీసుకుపోయి, చర్చిలో నిలబెట్టి ఉన్న అల్మారాకు బిగించేశాడు. నా ఒళ్లు మండిపోయింది.

జిగురు లోలోపల పూర్తిగా ఎండేసరికి తలుపుల మూలలు కాల్చిన అప్పడాల్లా బయటికి లేచాయి. ఎంత నొక్కినా మూతపడలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ అల్మారా చుట్టూ చేరారు.

"ఆడోళ్ల పని గిట్లనే ఉంటది" అన్నాడొకాయన.

పెద్దబాపు పక్కనే నిలబడి నేలచూపులు చూస్తున్నాడు. ఆయన పేరు ఒక్కసారి ఎత్తితే చాలు, నేను గెలిచినట్టే. ఎత్తలేదు. బాపుకు పని నేర్పిన అన్నను సంఘం ముందు పలచన చేసి, ఇంటికి పోయి బాపు మొహం ఎలా చూడను? అలాగని తప్పు నా నెత్తిన వేసుకునేదాన్నీ కాదు. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి అందరి ముందే తలుపులు ఊడబీకాను.

"ఇవి నా చేతి తలుపులు కావు. ఎవరియని అడగకుండ్రి. నాయి ఎట్లుంటయో తెచ్చినప్పుడు చూడుండ్రి" అన్నాను.

కార్ఖానా ముందుకు రాగానే పెద్దబాపు చేయి చాపాడు. "పేరు చెడ్డది గద బిడ్డా. తాళంచెవి ఇటియ్యి."

"నీ చేతిల చెడ్డది. నా చేతిల చెడినప్పుడు అడుగు" అన్నాను. పెద్దవాణ్ని అంతమాట అన్నందుకు అమ్మ నన్ను తిట్టింది. తిట్టనీ. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

కొత్త పలకలు కోశాను. రెండు వైపులా జిగురు, రెండు వైపులా ఒకే రకం టేకు. బాపు కుర్చీలో కూర్చుని, బరువు ఎక్కడ చాలలేదో ఎడమచేత్తో చూపించాడు. ఇసుక సంచులు, చివరికి అమ్మ రుబ్బురోలు కూడా ఎక్కించాను. అవి పూర్తిగా ఎండేదాకా తలుపుల దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు.

బిగించే రోజు పెద్దబాపు పిలవకుండానే చర్చికి వచ్చాడు. తలుపు ఎత్తి పట్టుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. వేలితో రెండు వైపులా రాసి చూశాడు.

"ముంగటి దిక్కు ఏదే బిడ్డా?"

"నీకు ఏది నచ్చితె అది, పెద్దబాపు."

ఆయనే ఒక వైపు ఎంచుకుని పట్టుకున్నాడు. నేను స్క్రూలు బిగించాను. తలుపు ఒక్క వేలితో తోస్తే మూసుకుంది. తాళంచెవి ఊసు ఆయన మళ్లీ ఎత్తలేదు. ఎత్తినా ఇచ్చేదాన్ని కాదు.