ముగ్గురికి పంచిన పేక

పాపకు ఎనిమిదో నెల వచ్చేసరికి మా ఆయన సాయంత్రాలు ఇంట్లో ఉండడం మానేశారు. బడి నుంచి వచ్చి, కాఫీ తాగి సైకిలెక్కేవారు. రెడ్డిగూడెం దారిలో ఒక మామిడితోట, అందులో మోటారు షెడ్డు, షెడ్డులో పేకాట. మొదట్లో అక్కడ రమ్మీ ఆడేవారు. బొంబాయికి కాయల లారీలు పంపే ఒకాయన పోకర్ అనే కొత్త ఆట పట్టుకొచ్చాడట. దాంతో అందరికీ పిచ్చి పట్టింది.

ఎమర్జెన్సీ వచ్చినప్పటి నుంచి పోలీసులు ఊరికే ఉండడం లేదు. డబ్బు పెట్టి ఆడుతూ దొరికితే గవర్నమెంటు ఉద్యోగం ఉండదని అందరూ అంటున్నారు. మా ఆయన గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఉద్యోగమే. వీధిలో సైకిలు చప్పుడు వినబడేదాకా నాకు ముద్ద దిగేది కాదు. ఆ మాట చెబితే, "ఆ తోటలోకి ఎవడొస్తాడోయ్!" అనేవారు.

పోట్లాడి లాభం లేదని ఒకరోజు నేనే అడిగాను.

"ఆ ఆటేదో నాకూ నేర్పండి. ఇంట్లోనే ఆడుకుందాం."

ఆయన పెద్దగా నవ్వారు. "బీయే చదివి పేకాటా? అయినా ఇద్దరితో ఏం ఆడతాం?"

వంటింట్లోంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "ఇద్దరేంట్రా, నేను చచ్చాననుకున్నావా?"

రమ్మీలో ఆవిడకు ఎదురులేదు. చింతపిక్కల డబ్బా పట్టుకొచ్చి చాప మీద కూర్చున్నారు. డబ్బుకు బదులు అవే పందెం. తలా ఐదు ముక్కలు. చూసుకుని పందెం కాయాలి, పనికిరానివి మార్చుకోవాలి, మళ్ళీ కాయాలి. చివరిదాకా నిలిచినవాళ్ళు ముక్కలు చూపించాలి. మిగతావాళ్ళంతా భయపడి తప్పుకుంటే, చేతిలో ఏమున్నా లేకపోయినా నిలిచినవాడిదే గెలుపు.

వారం రోజులు నేను గెలవలేదు. రమ్మీ అలవాటు చేతుల్లోంచి పోలేదు మరి. ముక్కలు అందగానే విసనకర్రలా విప్పి, జత కలిసినవాటిని ఎడమపక్కకు జరిపి, మిగతావాటిని కుడిపక్కకు సర్దేదాన్ని. అలా సర్దడం కూడా ఒక రకంగా చెప్పేయడమేనని నాకు తట్టలేదు.

"అమ్మాయ్, నీకో జత వచ్చింది. మూడు ముక్కలు మార్చుకుంటావు. అవునా?" అన్నారు అత్తగారు ఒకసారి.

"మీకెలా తెలిసిందత్తయ్యా?"

"నాకేంటి, ఉయ్యాల్లో పాపకి కూడా తెలిసింది."

మా ఆయన పడీపడీ నవ్వి, తర్వాత మాస్టారిలా చెప్పారు. "షెడ్డులో ఆరుగురం కూర్చుంటాం. అక్కడ మంచి ముక్కలొచ్చేదాకా ఓపిగ్గా పడేస్తూ కూర్చోవచ్చు. ముగ్గురే ఉన్నప్పుడు అలా కుదరదు. చాలాసార్లు అందరి చేతుల్లోనూ చెత్తే ఉంటుంది. మన చెత్త మంచిదని ఎదుటివాళ్ళు నమ్మాలి, అంతే."

అందిన ముక్కలను అందినట్టే పట్టుకోవడం నేర్చుకున్నాను. కంగారు మొహంలో కనబడకుండా ఉండడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. ఒక సాయంత్రం ఏమీ కలవని ఐదు ముక్కలతో, ఒక్కటీ మార్చకుండా, నా పిక్కలన్నీ ముందుకు తోశాను. అత్తగారు నన్ను చాలాసేపు చూసి ముక్కలు కింద పెట్టేశారు. ఆయనా పెట్టేశారు. నా ముక్కలు తిప్పి చూసి, "అమ్మ దొంగా!" అని తొడ చరిచారు. మేం ఆడుకున్న ఆ పదిహేను రోజులూ సాయంత్రాలు సైకిలు వసారా దాటలేదు. నాకు కంటినిండా నిద్ర పట్టింది.

తర్వాత ఒక శనివారం, ఆయన పేక కలుపుతూ అన్నారు. "నువ్వు బాగా తయారయ్యావోయ్. ఇక ముగ్గురితో మజా లేదు. రేపు షెడ్డువాళ్ళని ఇద్దర్ని ఇక్కడికే రమ్మంటా. తోటకంటే ఇల్లు నయం కదా, నీ భయమూ తీరుతుంది."

"చింతపిక్కలతోనేనా?"

"వాళ్ళు పిక్కలకి ఆడతారటోయ్?"

ఉయ్యాల పక్కనే పోలీసులు నిలబడినట్టు అనిపించింది నాకు. వద్దంటే తోటకే వెళ్తారు. రమ్మంటే తోటే ఇంటికొస్తుంది. "అయితే నేనూ కూర్చుంటాను," అన్నాను.

"మగాళ్ళ మధ్యా? వాళ్ళేమనుకుంటారు?"

"దాన్ని కూర్చోబెట్టి నేర్పింది నువ్వేగా!" అన్నారు అత్తగారు. ఆయన పేక పెట్టెలో పెట్టేశారు.

ఆదివారం మూడింటికి కాఫీ తాగి సైకిలు తీశారు. "నువ్వు కూర్చుంటే వాళ్ళు రారులే. నేనే వెళ్ళొస్తా." నేను కూర్చోనులెండి, వాళ్ళనే పిలవండి అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు.

అత్తగారు మా ఇద్దరికీ ముక్కలు పంచారు. రెండో ఆటలో రోడ్డు మీద ఏదో జీపు రెడ్డిగూడెం వైపు వెళ్ళిన చప్పుడైంది. ముక్కలు చాప మీద పడేసి గుమ్మంలోకి పరుగెత్తాను. వెనకనుంచి ఆవిడ, "మూడు రాజులు పెట్టుకుని పడేస్తావేంటమ్మాయ్!" అంటున్నారు. జీపు అప్పటికే మలుపు తిరిగింది.

అది ఎవరిదోగానీ, ఆయన చీకటి పడకముందే క్షేమంగా ఇంటికొచ్చారు. వారమంతా అలాగే వెళ్ళొచ్చారు. పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను. రేపు మళ్ళీ ఆదివారం. వాళ్ళని ఇంటికి పిలవమనడమా, ఆయన్ని తోటకు పోనివ్వడమా, ఇంకా తేల్చుకోలేదు. ఆయన లేచి కాఫీ అడిగేలోగా తేల్చుకోవాలి.