ఆమె కోసే గాడి

పోయిన నెల నా భార్య కన్నుమూసింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు కాఫీ తాగి, గ్లాసు నా చేతికిచ్చి పడుకుంది. మళ్ళీ లేవలేదు.

రేణిగుంట దారిలో మాదొక చిన్న మిల్లింగ్ షాపు, మిషను మీద ఇనుము, అల్యూమినియం కోసి ఇచ్చేది. బయట తిరిగి పనులు తెచ్చేది నేను, మిషను మీద నిలబడేది ఆమె. ఆమె పాలిటెక్నిక్‌లో చదివింది. నాది బీకాం. ఇప్పుడు ఇంట్లో ఉంటే షాపుకు పోవాలనిపిస్తుంది. షాపు తాళం తీయగానే ఇంటికి రావాలనిపిస్తుంది. ఈ నాలుగు మాటలు రాయడానికి కూడా ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

ఆ మిషనులో బిగించే కత్తి పేరు ఎండ్ మిల్లు. చూడని వారికి ఒక మాట. అది డ్రిల్లు బిట్టులాగే ఉంటుంది. డ్రిల్లు కిందికి దిగుతుందంతే. ఇది పక్కలకు కూడా కోస్తుంది. గాడి తీయాలన్నా, అంచు చదును చేయాలన్నా ఇదే. అల్యూమినియానికి ఆమె రెండు పళ్ళది పెట్టేది. తురుము బయటికి రావడానికి చోటు లేకపోతే కత్తికే అతుక్కుపోతుంది. ఉక్కు అంచులకు నాలుగు పళ్ళది. మామూలు పనికి హైస్పీడ్ స్టీలు కత్తి, మొండి లోహానికి కార్బైడ్ కత్తి. కార్బైడ్ ఎంత గట్టిదైనా బండ మీద పడితే అంచు ఎగిరిపోతుంది. అందుకని మిషను చుట్టూ పాత గోనెసంచులు పరిచేది. పదును చూడాలంటే అంచును బొటనవేలి గోటికి ఆనించేది. గోటిని పట్టుకుంటే పదునుంది, జారితే లేదు. ఆ గోరు ఎప్పుడూ గీతలతోనే ఉండేది.

ఒకసారి చెన్నై నుంచి బంగారు రంగు పూత ఉన్న ఎండ్ మిల్లు తెచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇన్నేండ్లకు బంగారం తెచ్చినావు బావా. మెడలో యాడ ఏసుకునేది దీన్ని?"

సాయంత్రం దాకా దాంతోనే కోసింది.

స్టెయిన్‌లెస్ స్టీలు కోసేటప్పుడు నేను పక్కన నిలబడితే చెప్పేది: "దీన్ని నిమరకూడదు బావా, కొయ్యాల. నిమిరితే ఇంకా మొండికేస్తాది."

ఆమె పోయేనాటికి ఒక పని మిగిలిపోయింది. కార్వేటినగరం వైపు చెరకు గానుగలు బాగుచేసే అతను ఇచ్చిన షాఫ్టు. పళ్ళ చక్రం షాఫ్టు మీద జారకుండా రెంటి మధ్యలో కీ అనే ఇనుప ముక్క బిగిస్తారు. దానికి గాడి కోయాలి. అదే సమయంలో మిషను కొంటానని శ్రీకాళహస్తి నుంచి ఒకాయన ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఇచ్చేస్తే షాపు లేదు. ఉంచుకుంటే కోసే మనిషి లేదు. ఈ షాఫ్టు నేనే కోసి, చేతనైతే ఉంచుకుందాం, కాకపోతే ఇచ్చేద్దాం అనుకున్నాను.

కోశాను. గానుగ అతను వచ్చి, గాడిలో కీ పెట్టి వేలితో కదిపాడు.

"ఏందన్నా ఇది, పాలపన్ను మాదిరి కదల్తా ఉండాది. వదిన కోసిన దాంట్లోకి సుత్తితో తడితే గానీ పొయ్యేది కాదు."

"కొలతకు సరిపొయ్యే కత్తే పెట్టినానప్పా."

అన్నాక గుర్తొచ్చింది. ఆమె ఎప్పుడూ కొలత కత్తి పెట్టేది కాదు. అంతకంటే సన్నది పెట్టి నడుమ దించి, తర్వాత ఈ పక్క కొంచెం, ఆ పక్క కొంచెం కోసేది. ఒకేసారి దించితే కత్తి పక్కకు లాగి గాడి వెడల్పవుతుందని నాకూ చెప్పింది. నా తొందరలో అది తోచలేదు.

"షాఫ్టు పాడైనట్టేనా?"

"యాడ పాడు? ఎదురు పక్కకు తిప్పి ఇంకోటి కొయ్యి. చెరుకు కొట్టి కుప్పేసినారు, ఎండిపోతా ఉండాది. టీ తాగొస్తా, ఈలోగా కానియ్."

షాఫ్టు తిప్పి బిగించాను. సన్న కత్తి పెట్టాను. చేతులు తొందరపెడుతూనే ఉన్నాయి. ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, రెండు పక్కలా కొంచెం కొంచెంగా కోశాను. అతను టీ తాగి వచ్చేసరికి ఇంకా కోస్తూనే ఉన్నాను.

అతను కీ పెట్టి నొక్కాడు. దిగలేదు. సుత్తితో తట్టాడు. దిగింది.

"వదిన చెయ్యి కాదులే. గానుగ మాత్రం తిరుగుతాది."

అప్పుడే శ్రీకాళహస్తి ఆయన ఫోను వచ్చింది. మిషను అమ్మడం లేదని చెప్పాను.

గానుగ అతను షాఫ్టును మోపెడ్ వెనక అడ్డంగా కట్టుకున్నాడు. కీ బిగిసిన పక్క కిందికి పోయింది, నేను పాడుచేసిన పక్క పైకొచ్చింది. బండి మలుపు తిరిగేదాకా ఆ ఖాళీ గాడిలో ఎండ మెరుస్తూనే ఉంది.