నరసమ్మ టీచర్ నొప్పికి నేను చెప్పిన సాక్ష్యం

తడిపిన కావిమట్టి వాసన ముక్కుకు తగలగానే నాకు కోపం తన్నుకొచ్చింది. కుడివైపు పక్కటెముకల మీద సర్పి లేచి అప్పటికి ఐదో రోజు. రెండో రోజునే ఆస్పత్రికి పోయి మాత్రలు తెచ్చుకున్నాను. అవి వేసుకుంటూ, చీర కొంగు కూడా ఒంటికి తగలనివ్వకుండా, డైరీ ఫార్మ్ పేటలోని మా ఇంటి వెనక గదిలో ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉన్నాను. మా అత్తగారు చిన్న మూకుడులో కావి కలిపి, కోడి ఈక పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. "మాత్రలు మాత్రలే, ఇది ఇదే. ఓపాలి రాయించుకుంటే ఏటి పోద్ది నీది?" అన్నారు. ప్రేమ కొద్దీ అన్న మాటే అది. నేను మాత్రం "ఏటి పోద్దో నాకు తెలుసత్తమ్మా! ముందు దాన్ని బయట పారబొయ్యండి" అని అరిచాను. కాపురానికి వచ్చాక ఆవిడ మీద గొంతెత్తడం అదే మొదలు. పాపం, బిత్తరపోయారు. తర్వాత పిలిచి కూర్చోబెట్టి, నా అరుపు ఆవిడ మీద కాదని చెప్పాను. మరి ఎవరి మీద అని అడిగారు. ఆ కథంతా చెబితే తప్ప అర్థం కాదు.

నరసమ్మ టీచర్ ప్రోతరాపూర్ దగ్గర మా తెలుగు మీడియం ప్రాథమిక పాఠశాలకు హెడ్‌మిస్ట్రెస్. శ్రీకాకుళం వైపు నుంచి పాతికేళ్ళ వయసులో ఉద్యోగానికని ఓడెక్కి ఈ దీవులకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండేవారు. గొంతు మాత్రం రోడ్డు మీద బస్సు ఆగేలా ఉండేది. నేను ఇక్కడి బ్రూక్షాబాద్‌లోనే పుట్టి పెరిగినదాన్ని. ఇరవై రెండేళ్ళకు కాంట్రాక్టు టీచరుగా ఆవిడ బడిలో చేరినప్పుడు తెలుగు గడగడా మాట్లాడేదాన్నే గాని, రాయమంటే ఒత్తులన్నీ గల్లంతు. పది రోజుల్లో ఆవిడ కనిపెట్టేశారు. ఎవరికీ చెప్పలేదు. బడి వదిలాక నన్ను కూర్చోబెట్టి ఒకటో తరగతి వాచకం నుంచి మొదలుపెట్టారు. నేను సిగ్గుతో తల దించుకుంటే, "నీకెందుకే సిగ్గు? నీకు నేర్పనోళ్ళు పడాలి సిగ్గు. రాయి" అన్నారు. ఆవిడకు ఎప్పుడూ కోపమే. అయితే ఆ కోపం చేతగానివాళ్ళ మీద ఒక్కసారి కూడా పడగా నేను చూడలేదు.

సునామీ వచ్చిన వారంలోనే మా బడి శిబిరమైపోయింది. దక్షిణాది దీవుల నుంచి ఓడల్లో దించిన కుటుంబాలు తరగతి గదులు నిండా, వరండా నిండా. వాళ్ళలో సగం మంది మన తెలుగువాళ్ళే, చేపల వేట మీద బతికినవాళ్ళు. టీచర్ ఇంటికి పోవడం మానేసి స్టాఫ్ రూములో చాప వేసుకున్నారు. ఎవరు తప్పిపోయారో, ఎవరికి ఎవరు మిగిలారో పేర్లు రాసుకోవడం, బియ్యం పంచడం, జ్వరాలకు మందులు తెప్పించడం అన్నీ ఆవిడే. నెల తిరక్కుండా మైదానంలో టార్పాలిన్ కట్టించి పాఠాలు మొదలుపెట్టారు. ట్యాంకరు వచ్చి డ్రమ్ముల్లో నీళ్ళు పోస్తే ఆ చప్పుడుకు పిల్లలు పలకలు వదిలేసి పరుగెత్తేవాళ్ళు. ట్యాంకరు డ్రైవరుతో నాలుగు రోజులు పోట్లాడి, బడి విడిచాకే నీళ్ళు వచ్చేలా చేశారావిడ. ఆ నాలుగు గంటలు పిల్లలు సముద్రాన్ని మరిచిపోవాలి, అంతే. అది తప్ప ఆవిడకు ఇంకేమీ పట్టలేదు. తిండి లేదు, నిద్ర లేదు. ఆవిడ ఒంటి సంగతి మేమూ అడగలేదు.

మూడో నెలలో ఎడమ పక్కన నొప్పి మొదలైంది. వెన్ను నుంచి రొమ్ము కింద దాకా ఎవరో నిప్పుల తాడు కట్టి లాగుతున్నట్టు ఉందనేవారు. శిబిరంలో మందులిచ్చే ఆయన గ్యాస్ అని మాత్రలిచ్చాడు. రెండు రోజులకు నీటి పొక్కులు గుత్తులుగా లేచాయి. స్నానాల తడిక దగ్గర ఎవరో ఆడమనిషి చూసింది. సాయంత్రానికి శిబిరమంతా పాకిపోయింది, టీచరమ్మకు సర్పి లేచిందని. మర్నాడు టార్పాలిన్ కింద ఆరుగురే పిల్లలు. అమ్మవారో, నాగదోషమో, ఏదైతేనేం, తమ పిల్లల్ని పంపేది లేదన్నారు తల్లులు. "సింహాద్రి తాత చేత రాయించుకుంటే పంపుతాం" అని కూడా అన్నారు.

సింహాద్రి తాత కుమ్మరి. శిబిరంలోనే కొడుకు కుటుంబంతో ఉండేవాడు. సర్పి మీద కావితో పాము బొమ్మ రాసి, మూడు పొద్దులు మంత్రం వేస్తే దిగిపోతుందని మనవాళ్ళ నమ్మకం. మా నాయనమ్మా అదే నమ్మింది, నేనూ అదే నమ్మాను. ఆ మూడు పొద్దులూ ఉప్పు తినకూడదు, సూది వేయించుకోకూడదు, ఆస్పత్రి గడప తొక్కకూడదు. తొక్కితే వికటిస్తుంది. టీచర్ ఆ ఉదయం ఆస్పత్రికి బయలుదేరి బస్సు కోసం నిలబడి ఉన్నారు. నేనే పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "టీచర్, రాయించుకోండి టీచర్. సర్పి చుట్టూ తిరిగి తలా తోకా కలిసిపోతే మనిషి దక్కదంట. పైగా పిల్లలెవ్వరూ రారు" అన్నాను. ఏడ్చాను కూడా. ఆవిడ టార్పాలిన్ వైపు చూశారు. "ఇవన్నీ నేను నమ్మనే పార్వతీ" అన్నారు. "మూడు రోజులే కదా" అంటూ వెనక్కి తిరిగారు. బస్సు వెళ్ళిపోయింది.

తాత శ్రద్ధగానే రాశాడు. "సూడు తల్లీ, తలకాయి ఇక్కడుంది, తోక ఎనకాలుంది. నాను దీన్ని కదలనివ్వను" అని ధైర్యం చెప్పాడు. పిల్లలు తిరిగి వచ్చారు. టీచర్ చప్పిడి కూడు తిని, పళ్ళు బిగబట్టి పాఠం చెప్పారు. నాలుగో రోజు పొద్దున్నే ఆస్పత్రికి పోతే డాక్టరమ్మ కావిరంగు చూసి తల కొట్టుకుంది. సర్పి అంటే పాము కాదు, చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో దూరిన పురుగే నరంలో దాక్కుని, మనిషి నీరసించినప్పుడు మళ్ళీ లేస్తుందంది. నరం వెన్నులో మొదలై ముందువైపు సగంలో ఆగిపోతుంది, చుట్టూ తిరిగి తలా తోకా కలవడం జరగదంది. పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు మాత్రలు పడితే బాగా పని చేసేవి, ఇప్పుడు ఎంత చేస్తాయో చెప్పలేనంది. బడిలోకి వచ్చాక టీచర్ ఇదంతా సింహాద్రి తాతకు మెల్లగా వివరించారు. తాత కళ్ళు తుడుచుకుని, "నాకెవులూ సెప్పనేదు తల్లీ" అన్నాడు. నిజమే, ఎవరు చెప్పారు? ఓడలకొద్దీ బియ్యం దిగింది, దుప్పట్లు దిగాయి, ఫొటోలు తీసేవాళ్ళు దిగారు. ఈ నాలుగు ముక్కలు మా వాళ్ళ భాషలో చెప్పే మనిషి ఒక్కడూ దిగలేదు. ఆ తాతను నేను ఏనాడూ తప్పు పట్టలేదు. చదువుకున్నదాన్ని, బస్సు దగ్గర చెయ్యి పట్టుకుని ఆపినదాన్ని నేను.

పొక్కులు ఎండి రాలిపోయాయి. నొప్పి పోలేదు. నెలలు గడిచినా జాకెట్టు అంచు తగిలితే ఆవిడ ముఖం నల్లబడేది. తడి రుమాలు మడిచి లోపల పెట్టుకునేవారు. ఫ్యాను గాలి కూడా ఓర్చుకోలేక పక్కకు జరిగేవారు. బోర్డు మీద రాస్తూ రాస్తూ సుద్దముక్క జారవిడిచి, ఒంగలేక, పిల్లలు చూడకుండా నా వైపు చూసేవారు. నేను తీసి ఇచ్చేదాన్ని. ఇవన్నీ నేను కళ్ళారా చూశాను. మీరు గుర్తుపెట్టుకోవలసింది అదే.

ఆ ఏడాది చివర్లో ఆవిడకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఓడలో రెండు రోజుల దూరం, ఆస్పత్రి అంతంత మాత్రం ఉన్న దీవికి. శిబిరం పిల్లలు ఇంకా ఇక్కడే ఉన్నారు. ఒక్క ఏడాది ఆపమని, మందులు ఇక్కడే దొరుకుతాయని ఆవిడ అర్జీ పెట్టుకున్నారు. పై ఆఫీసులో విచారణకు పిలిచారు. తోడుగా నేను వెళ్ళాను. టేబుల్ వెనక కూర్చున్న అధికారి కాగితాలు తిరగేసి, హిందీలో మొదలుపెట్టాడు. "మేడమ్, దాగ్ తక్ నహీ హై. మచ్చ కూడా సరిగా లేదట. మరి దర్ద్, ఆ నొప్పి ఎక్కడుంది? కాగితం మీద ఏం రాయాలి నేను?"

టీచర్ కిటికీ వైపు చూపించారు. దూరంగా నీలంగా, ముడత కూడా లేకుండా సముద్రం. "అదిగో సార్, దాన్ని చూసి చెప్పండి. దానికేమైనా మచ్చ ఉందా? పోయినేడు ఏమీ జరగలేదని రాసేస్తారా మరి?"

ఆయనకు మండింది. ఎదురు చెప్పలేక నా వైపు తిరిగాడు. "తుమ్ బతావో, నువ్వు చెప్పు. రోజూ చూస్తావుగా. పాఠం చెప్పలేకపోతున్నారా? నొప్పితో ఉన్నట్టు ఎప్పుడైనా కనిపించిందా?" ఆయన ముందున్న ఫైలు పక్కనే కాంట్రాక్టు టీచర్ల జాబితా ఉంది. మార్చిలో మా అందరికీ పొడిగింపు రావాలి. నా గొంతులోంచి మాట అదంతట అదే బయటికి వచ్చేసింది. "బాగానే ఉన్నారు సార్. మామూలుగానే చెప్తున్నారు."

ఆయన అది రాసుకున్నాడు. టీచర్ నా వైపు తిరగలేదు. ప్రోతరాపూర్‌లో బస్సు దిగాక, బడి గేటు దగ్గర ఆగారు. "నీ ఉద్యోగం నీకు కావాలి. అది నాకు తెలుసే. 'నాకు తెలీదు సార్' అనొచ్చు కదా. అన్నా నేనేమీ అనుకునేదాన్ని కాదు. 'బాగానే ఉన్నారు' అని ఎందుకన్నావు?" అని అడిగారు. నేను గేటు గొళ్ళెం తీసి పట్టుకున్నాను.

ఓడెక్కే రోజు మేమందరం జెట్టీకి వెళ్ళాం. శిబిరం తల్లులు ఎండుచేపలు, ఊరగాయ సీసాలు తెచ్చారు. సింహాద్రి తాత ఒక కూజా ఇచ్చాడు. ఓడలోకి వేసిన గ్యాంగ్‌వే మెట్లు ఎక్కబోతూ ఆవిడ నన్ను ఒక్కదాన్నే పక్కకు పిలిచారు. క్షమించానంటారేమో అనుకున్నాను. "చూడు, పిల్లలెవరైనా నొప్పి అని వస్తే, నువ్వు డాక్టరువీ కావు, కోర్టువీ కావు. ముందు పడుకోబెట్టు. మిగతాది తర్వాత" అన్నారు. పెట్టె ఎడమ పక్కకు తగలకుండా కుడి చేతికి మార్చుకుని వెళ్ళిపోయారు.

అక్కడ ఇంకో రెండేళ్ళు పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆ తర్వాత సొంతూరులో తమ్ముడి ఇంట ఉన్నారు. నేను నాలుగు పేజీల ఉత్తరం రాశాను, తప్పంతా ఒప్పుకుని, క్షమించమని. ఆ ఉత్తరమే తిరుగు టపాలో వచ్చింది. రెండు ఒత్తుల తప్పులకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టారు. క్షమించాననీ లేదు, క్షమించననీ లేదు. పండగకో పబ్బానికో ఫోను చేసి "ఎలా ఉంది టీచర్?" అంటే, "ఉంది ఇంకా" అనేవారు. నొప్పి సంగతే. పోయే దాకా అదే మాట. నన్ను పర్మనెంటు చేశారు. ఆ అధికారి ప్రమోషన్ మీద మెయిన్‌ల్యాండ్‌కు వెళ్ళాడు. మా ఇద్దరికీ ఏ లోటూ జరగలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇవాళ్టికీ నా రక్తం ఉడికిపోతుంది, ఆయన మీదే కాదు, నా మీద కూడా.

ఇప్పుడు నాకూ తెలిసింది, ఆ నిప్పుల తాడు ఏమిటో. నేను వేళకు మందు వేసుకున్నాను, నాకు తగ్గిపోవచ్చు. అయినా మొన్న సెలవు కోసం ఆఫీసుకు ఫోను చేస్తే, అవతలి మనిషి "గొంతు బానే ఉందే" అన్నాడు. వాడికి నేనేం చెప్పానో ఇక్కడ రాయను.

ఒక సంగతి మాత్రం చెబుతాను. పోయినేడు పరీక్ష రోజున నా తరగతిలో రేష్మ అనే పిల్ల కడుపునొప్పి అంది. స్టాఫ్ రూములో బల్ల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టాను. ఓఆర్ఎస్ కలిపి పట్టాను. వాళ్ళమ్మకు కబురు పంపాను. మర్నాడు ఆ పిల్లే వచ్చి, లెక్కలు రాక అబద్ధం ఆడానని ఒప్పుకుని ఏడ్చింది. మా తోటి టీచరు సునీత పగలబడి నవ్వింది. "దేఖో దీదీ, నాలుగో తరగతి పిల్ల మీకు బాగా టోపీ పెట్టింది" అంది.

"పెట్టనీ సునీతా" అన్నాను. "మళ్ళీ రేపు నొప్పి అన్నా పడుకోబెడతాను. నమ్మి ఎన్నిసార్లు మోసపోయానో నాకు గుర్తు లేదు. కళ్ళారా చూసి కూడా లేదన్నది ఒక్కసారే. అది మాత్రం నన్ను నిద్రపోనివ్వదు."