సువార్తత్త పదో తరగతి ఫారం నేను నింపిన వైనం

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరసలో నిలబెడితే తెనాలి స్టేషన్‌లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం చాలదు. వాటిలో చాలావరకు నన్ను మాత్రమే ముంచాయి కాబట్టి ఎప్పుడో క్షమించేశాను. ఒక్కటి మాత్రం ఏ పాపం ఎరగని మా మేనత్తని నిలువునా ముంచబోయింది. దాని సంగతి ఇప్పుడు చెబుతాను. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి, నేనూ మీతో గొంతు కలుపుతాను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. బీటెక్ పూర్తయింది, అదీ కంప్యూటర్స్‌లో. ఉద్యోగం ఇంకా రాలేదు గానీ, ఉద్యోగస్థుడికి ఉండాల్సిన పొగరు మాత్రం ముందే వచ్చేసింది. చుట్టాల్లో ఎవరికి గ్యాస్ బుక్ చేయాలన్నా, రైలు టికెట్ తీయాలన్నా ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టేవారు. చదవకముందు కాకరకాయ అన్నవాడు చదివాక కీకరకాయ అన్నాడని సామెత. నేను కీకరకాయ అని ఊరుకునే రకం కాదు. అదే సరైన మాటని పదిమందికీ పాఠం చెప్పే రకం.

మా నాన్న చెల్లెలు సువార్తమ్మ భట్టిప్రోలులో అంగన్‌వాడీ ఆయా. పద్దెనిమిదేళ్లుగా పిల్లలకి వండిపెడుతూ, ముక్కులు తుడుస్తూ, టీచరు సెలవు పెట్టిన రోజున పాటలు కూడా తనే చెబుతూ వచ్చింది. ఆ టీచరు రిటైర్మెంటు దగ్గరపడింది. ఆ ఉద్యోగం ఆయాకి ఇవ్వాలంటే పదో తరగతి పాసై ఉండాలి. అత్త చదువు ఏడుతో ఆగిపోయింది. పైగా ఆ ప్రమోషన్‌కి ఒక వయసు పరిమితి ఉంది. అది దాటడానికి ఆవిడకి ఒక్క ఏడాదే మిగిలింది. ఈసారి ఓపెన్ టెన్త్ గట్టెక్కితే టీచరు, లేకపోతే రిటైరయ్యేదాకా ఆయానే.

అందుకని నలభై ఎనిమిదేళ్ల వయసులో పుస్తకం పట్టింది. క్లాసులు రేపల్లెలో, అవీ ఆదివారాలు. ఆదివారం ఆరాధన మానడమంటే ఆవిడకి ప్రాణం పోయినంత పని. పాస్టరుగారిని అడిగి, తెల్లవారుజాము ఆరాధనకి వెళ్లి, అక్కణ్ణుంచే బస్సెక్కేది. క్లాసులో ఆవిడ పక్కన నిజాంపట్నం నుంచి వచ్చే నాంచారమ్మ కూర్చునేది. చేపల వ్యాపారం చేసుకునే మనిషి. ఆవిడకి ఉద్యోగం అక్కర్లేదు. టెన్త్ పాసైన కోడలు బస్సు బోర్డులు చదివి వినిపిస్తోందట, ఆ పొగరు అణచడానికే చదువుతోంది. ఇంతకంటే గట్టి కారణంతో చదివినవాళ్లని మా ఇంజనీరింగ్ కాలేజీలో నేను చూడలేదు.

పరీక్ష ఫారం ఆన్‌లైన్‌లో నింపాలన్నారు. అత్త కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తెనాలి వచ్చింది. పక్కన కూర్చుని చూస్తానంది. "నువ్వు చూసి ఏం చేస్తావత్తా, వెళ్లి అమ్మతో కాఫీ తాగు" అన్నాను. టీవీలో క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది. ఒక కన్ను మ్యాచ్ మీద, ఒక కన్ను ఫోన్ మీద పెట్టి, అయిదు నిమిషాల్లో ఫారం నింపి పంపేశాను. సరిచూసుకున్నారా అని ఆ ఫోనే రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ చూసుకున్నానని నొక్కాను. ఫోన్‌తో అబద్ధమాడితే పాపం లేదని ఎవరు చెప్పారో నాకు.

వారం తర్వాత అత్త నుంచి ఫోన్.

"రసీదులో మీడియం పక్కన 05 అని ఉందిరా. నాంచారమ్మ దాంట్లో 01 ఉందేంటి?"

ఇక్కడ కొంచెం ఆగండి. ఫోన్ పెట్టేసి ఒక్కసారి వెతికి ఉంటే ఈ కథ లేదు, నాకీ తలవంపులూ లేవు. కానీ నాకు తెలియదు అనే మాట ఆ రోజుల్లో నా నోట పలికేది కాదు.

"అది ఏరియా కోడ్ అత్తా. ఆవిడది సముద్రం వైపు, నీది కాలవ వైపు. తేడా ఉండదా మరి?"

సముద్రం వైపు, కాలవ వైపు! పరీక్షల వాళ్లకి ఆ లెక్క ఎందుకు? ఇప్పటికీ స్నానం చేస్తూ ఆ మాట గుర్తొస్తే చెంబుతో నెత్తిన కొట్టుకోవాలనిపిస్తుంది. హాల్‌టికెట్ వచ్చాక మళ్లీ అడిగింది. నాకు విసుగొచ్చింది. కోడ్‌ల గురించి ఆలోచించడం మాని చదువు మీద దృష్టి పెట్టమని, బీటెక్ చదివింది నేనా నువ్వా అని అన్నాను. పాపం, నువ్వేలే నాయనా అంది. చాలదన్నట్టు ఒక ఉచిత సలహా కూడా ఇచ్చాను. హాల్లో ఏం జరిగినా నోరు విప్పొద్దని, విప్పితే డీబార్ చేస్తారని.

తెలుగు పరీక్ష బాగా రాసింది. ఇంగ్లిషు కూడా పరవాలేదంది. మూడోది సోషల్. ఆవిడకి ప్రాణమైన సబ్జెక్టు. నేను బైకు మీద రేపల్లె వెళ్లి, టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. నాంచారమ్మ నవ్వుతూ బయటికొచ్చింది. వెనకాల అత్త గోడ పట్టుకుని నడుస్తోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చదువు పోయిందిరా" అంది.

ఏమైందత్తా అంటే మెట్ల మీద కూర్చుని చెప్పింది. పెద్దవయసని కాబోలు, ఆవిడ ఒక్కదానికీ వేరే కవరులోంచి పేపరు తీసిచ్చారట. గౌరవమే అనుకుందట. తీరా విప్పి చూస్తే అక్షరాలు మనవే అనిపిస్తున్నాయట, కానీ ఒక్క వాక్యమూ అర్థం కావడం లేదట. తలకట్లు కదులుతున్నట్టు, ఒత్తులు తారుమారైనట్టు కనబడ్డాయట.

"ఎవరినైనా అడగకపోయావా?"

"నోరు విప్పితే డీబార్ అన్నావు కదరా."

ఆవిడే మళ్లీ మెల్లగా అంది. "ఈ వయసులో నేర్చుకున్నది, వచ్చినట్టే వచ్చి పోయిందనుకున్నా. నాది కాని దానికి ఆశపడ్డానేమోనని ఏడుపొచ్చింది."

ఆ మాట నాకు గుండెలో గుచ్చుకుంది. గుచ్చుకున్నప్పుడు మనిషి ఆలోచించాలి కదా? నేను వీరావేశం తెచ్చుకున్నాను. అత్త కళ్లజోడు రెండు నెలల కిందట తెనాలిలో చేయించిందే. తప్పు కచ్చితంగా ఆ కళ్లజోడు షాపాయనదేనని తేల్చేశాను. పేపరు చూడరా అని అత్త సంచిలో చెయ్యి పెట్టింది. "పేపరు తర్వాత, ముందు వాడి సంగతి చూద్దాం పద" అని బైకు ఎక్కించాను.

రేపల్లె నుంచి తెనాలి దాకా వెనకాల కూర్చుని అత్త తన చూపు తనే పరీక్ష చేసుకుంటూ వచ్చింది. ఎరువుల షాపు బోర్డు, చీరల షాపు బోర్డు, ఊరి పేర్లు, గోడల మీద సిమెంటు ప్రకటనలు, వేగంగా పోతున్న లారీ వెనక రాసిన నీతులు, అన్నీ గడగడా చదివేసింది. అప్పుడైనా నా బుర్రకి తట్టాలా వద్దా? నేను మాత్రం షాపాయన్ని ఏమేం తిట్టాలో మనసులో వరస కడుతున్నాను.

షాపులోకి వెళ్తూనే మొదలుపెట్టాను. ఇవి అద్దాలా, సీసా పెంకులా అన్నాను. ఒక ఆడమనిషి జీవితంతో ఆడుకున్నారన్నాను. కన్స్యూమర్ కోర్టు పేరు కూడా ఎత్తాను. బయట సోడా తాగుతున్నవాళ్లు గ్లాసులతో సహా లోపలికి వచ్చారు. షాపాయన అరవై ఏళ్ల పెద్దమనిషి. నావైపు చూడకుండా అత్తని కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీద అట్ట చదవమన్నాడు. కింది వరసలో చీమ తలకాయలంత అక్షరాలు కూడా ఆగకుండా చదివేసింది.

"అమ్మా, మీ చూపు నాకంటే బాగుంది. మీకు కనపడనిది ఏదో ఒకసారి చూపించండి" అన్నాడాయన.

అత్త సంచిలోంచి పేపరు తీసిచ్చింది. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ దాన్ని చూశాడు.

"ఇది కన్నడం బాబూ. మా అత్తారిది బళ్లారి, నాకు తెలుసు. ఫారం నింపిందెవరు?"

గుమ్మడికాయల దొంగ అనగానే నా రెండు చేతులూ భుజాల మీదకి వెళ్లాయి. ఆ 05 ఏంటో అప్పుడు వెతికాను, మూడు నెలలు ఆలస్యంగా. భాషల జాబితాలో నా బొటనవేలు తెలుగు మీద కాకుండా కన్నడం మీద ఆగింది. ఆ క్షణంలో టీవీలో ఎవడో సిక్సర్ కొట్టి ఉంటాడు. వాడి చేతులు పడిపోనూ.

మర్నాడు అత్తని వెంటబెట్టుకుని బాపట్ల జిల్లా ఆఫీసుకి వెళ్లాను. అక్కడి సూపరింటెండెంటు గారు చెడ్డవాడేం కాదు. మిగిలిన రెండు పరీక్షలకి తెలుగు పేపరు ఇప్పించగలమన్నారు. రాసేసిన సోషల్ సంగతి దిద్దేవాళ్ల దయ, కంప్యూటర్లో మీడియం మాత్రం ఇక మారదన్నారు. దానికి కూడా, పొరపాటు నాదేనని అభ్యర్థి రాసి సంతకం పెట్టాలట. నేను చకచకా రాసి అత్త ముందు పెట్టాను. ఆవిడ నిదానంగా మొత్తం చదివి పెన్ను మూసేసింది.

"నేను పొరపాటు చేశానని ఉందిరా ఇందులో. నేను చెయ్యలేదు కదా?"

"మాటవరసకి అత్తా. సంతకం పెట్టెయ్."

"దేవుడి ముందు నిజం చెప్పాలని పిల్లలకి చెప్పేదాన్ని, అబద్ధం మీద సంతకం పెట్టి టీచరునవ్వమంటావా? చేసినవాడివి నువ్వు రాయి."

అన్నీ తెలిసినవాడు అమావాస్య నాడు పోయాడంటారు. నాకు ఆ రోజు బాపట్లలో పట్టపగలే అమావాస్య అయింది. రాశాను. సూపరింటెండెంటు గారు దాన్ని పైకి చదివారు.

"ఏం చదివారు బాబూ?"

"బీటెక్కండి."

"ఏ బ్రాంచి?"

జవాబు ఇక్కడ మళ్లీ రాయలేను. మీకు తెలుసు. ఆయనకి చెప్పాక నలుగురు గుమస్తాలు పెన్నులు కింద పెట్టి నన్ను కళ్లారా చూసుకున్నారు.

తిరుగు బస్సులో అడిగాను, సోషల్ పేపర్లో అసలేం రాశావని. నది, సముద్రం, భారత అని కొన్ని మాటలు మన మాటల్లాగే కనబడ్డాయట. కనబడిన ప్రతి మాట గురించీ తనకి తెలిసిందంతా రాసేసిందట. నది అని ఉన్నచోట కాలవకి నీళ్లు ఎప్పుడు వదులుతారో, వరి నాట్లు ఎప్పుడు పడతాయో, కాలవ కట్టేస్తే ఏమవుతుందో మూడు పేజీలు రాసిందట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ తర్వాత ఫలితాలు వచ్చేదాకా నేను సరిగ్గా అన్నం తినలేదు. మా అమ్మ మాత్రం, తినకపోతే మానెయ్, అదే మంచిది అంది.

ఫలితాలు వచ్చాయి. సోషల్‌లో సరిగ్గా ముప్పై అయిదు. ఆ పేపరు దిద్దిన మహానుభావుడెవరోగానీ, ఎక్కడున్నా చల్లగా ఉండాలి. మిగతా అన్నిట్లోనూ పాస్. నాంచారమ్మకైతే కోడలికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ ఇంట్లో బస్సు బోర్డులు ఇప్పుడెవరు చదువుతున్నారో చెప్పక్కర్లేదు.

టీచరు ఉద్యోగానికి సర్టిఫికెట్ల తనిఖీ రోజున నేను గుమ్మం బయటే ఉండిపోయాను. లోపల ఆఫీసరమ్మగారు అత్త మెమో పట్టుకుని అడిగారట, మీడియం కన్నడ అని ఉంది, మీది కర్ణాటకా అమ్మా అని.

"కాదండి, భట్టిప్రోలండి" అందట అత్త. "మా మేనల్లుడు బీటెక్కండి."

అంతే చెప్పి ఆగిందట. ఆఫీసరమ్మగారు అర్థమైందని తలూపి సంతకం పెట్టేశారట.

ఆ సాయంత్రం పశ్చాత్తాపంతో అత్త ముందు నిలబడి ఘనంగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరి ఫారమైనా సరే, వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, టీవీ ఆపి, ప్రతి గడీ చదివి వినిపించిగానీ నింపను, తెలియని దాన్ని తెలియదనే చెబుతాను అన్నాను. నోటిమాట చెల్లదంది. తెల్లకాగితం మీద రాయించి, సంతకం పెట్టించింది. తర్వాత కళ్లజోడు సవరించుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వేలు పెట్టి చదివి, కాగితం నాకే తిరిగిచ్చింది.

"తేదీ వెయ్యలేదురా."